కుండీ మార్చిన ఇంటి మొక్కల్లో మట్టి, పురుగుల సమస్యలు – వేరు నుండి నిర్ధారణ, సమగ్ర యాజమాన్యం

సారాంశం

ఇంటి లోపల పెంచే అలంకరణ మొక్కల్లో కుండీ మార్చిన కొద్ది వారాలకు కనిపించే లక్షణాల్లో అధిక భాగం పురుగుల వల్ల వచ్చినవిగా భావించబడుతున్నాయి. వాస్తవానికి వీటిలో చాలావాటికి మూలం వేరు పరిసరాల్లో గాలి, నీరు, లవణాల సమతుల్యత దెబ్బతినడమే. మట్టిలో కనిపించే పురుగులు తరచుగా ఆ అసమతుల్యతకు ఫలితాలే తప్ప కారణాలు కావు. కుండీలో నీటి నడవడి, మిశ్రమం తయారీ, నీటి నాణ్యత, ప్రధానమైన పురుగుల గుర్తింపు, ఇంటి లోపల సురక్షితంగా పాటించదగిన నివారణ చర్యలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

సమస్య స్వరూపం

నర్సరీ నుండి తెచ్చిన మొక్క నల్లని ప్లాస్టిక్ సంచిలో ఉన్నంతకాలం కళకళలాడుతూ ఉంటుంది. దానిని పెద్ద కుండీలోకి మార్చి గదిలో పెట్టిన మూడు నాలుగు వారాలకు కింది ఆకులు పసుపుబారతాయి, మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోతుంది, మట్టిపై చిన్న నల్లని ఈగలు ముసురుతాయి. ఈ దశలో యజమాని చేసే మొదటి పని పురుగుమందుల దుకాణానికి వెళ్లడం. పొలంలో పంటలపై వాడే మందు, ఒక్కొక్కసారి గుళికల మందు, గాలి ఆడని పడకగదిలోని కుండీకి చేరుతుంది. మొక్క బతకదు. ఇంట్లోని పిల్లలు, వృద్ధులు, పెంపుడు జంతువులు మాత్రం అనవసరంగా విషానికి గురవుతారు. అందువల్ల ఈ సమస్యపై ఇచ్చే సలహా మొక్కకు మాత్రమే కాక, కుటుంబ ఆరోగ్యానికి కూడా సంబంధించినది.

కుండీ మార్చినప్పుడు ఒకేసారి మూడు మార్పులు జరుగుతాయి. మొదటిది, వేళ్లపైని సన్నని నూగు తెగి, నీటిని పీల్చుకునే శక్తి కొన్ని రోజులపాటు తగ్గుతుంది. రెండవది, వేళ్ల చుట్టూ ఉండే మట్టి పరిమాణం, స్వభావం మారతాయి. మూడవది, వెలుతురు మారుతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ తీవ్రత సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. నర్సరీలోని నీడవల కింద కూడా వేల లక్స్‌లలో వెలుతురు దొరుకుతుంది. గదిలో కిటికీకి దూరంగా ఉన్న చోట అది కొన్ని వందల లక్స్‌లకు పడిపోతుంది. వెలుతురు తగ్గితే ఆకుల నుండి నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. నర్సరీలో రోజూ నీరు అవసరమైన మొక్కకు గదిలో వారానికి ఒకటి రెండుసార్లు సరిపోతుంది. పాత అలవాటు ప్రకారం రోజూ నీరు పోస్తే పెద్ద కుండీలోని మట్టి ఆరే అవకాశమే ఉండదు.

కుండీలో నీటి నడవడి

పొలంలో కురిసిన వాన నీటిని కింది మట్టి పొరలు లాక్కుంటాయి. కుండీలో ఆ లాగే పొర ఉండదు. రంధ్రాల గుండా నీరు కారడం ఆగిపోయిన తర్వాత కూడా కుండీ అడుగున కొంత మందం మట్టి పూర్తిగా నీటితో నిండి ఉంటుంది. ఈ నిలువ నీటి పొర ఎత్తు మట్టి రేణువుల పరిమాణంపై ఆధారపడుతుంది. కుండీ ఎత్తుపై ఆధారపడదు. ఒక మిశ్రమంలో ఆ పొర ఎత్తు 5 సెం.మీ. అనుకుంటే, 10 సెం.మీ. లోతున్న కుండీలో సగం మట్టి, 20 సెం.మీ. లోతున్న కుండీలో నాలుగో వంతు మట్టి గాలి లేకుండా ఉంటుంది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న అందమైన పింగాణీ పాత్రల్లో మొక్కలు త్వరగా కుళ్లడానికి ఇదే కారణం.

అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం విస్తృతంగా ఉంది. సన్నని రేణువుల మట్టి నుండి పెద్ద ఖాళీలున్న రాళ్ల పొరలోకి నీరు తేలికగా దిగదు. పై మట్టి పూర్తిగా నిండిన తర్వాతే కిందికి జారుతుంది. అందువల్ల నిలువ నీటి పొర రాళ్ల మీదికి జరుగుతుంది, వేళ్లకు దొరికే మట్టి తగ్గుతుంది. రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకు ముక్క లేదా వల ముక్క ఉంచడం మాత్రమే అవసరం. అడుగున రంధ్రం లేని కుండీలో ఎంత మంచి మిశ్రమం నింపినా ఫలితం ఉండదు.

అవసరానికి మించిన పెద్ద కుండీ కూడా సమస్యే. వేళ్లు చేరని మట్టిలో నీటిని వాడుకునేవారు లేరు. పాత కుండీ కంటే వ్యాసంలో 2.5 నుండి 5 సెం.మీ. పెద్దదైన కుండీ సరిపోతుంది.

ఒకే కుండీలో రెండు రకాల మట్టి

గోదావరి జిల్లాల్లోని కడియం, కడియపులంక ప్రాంతపు నర్సరీల నుండి రెండు తెలుగు రాష్ట్రాలకూ, ఇతర రాష్ట్రాలకూ మొక్కలు సరఫరా అవుతాయి. దూర ప్రయాణంలో వేళ్ల చుట్టూ గడ్డ విరగకుండా ఉండటానికి బంక ఎక్కువగా ఉన్న మట్టి నర్సరీకి అనుకూలం. ఇంటి లోపలి వాతావరణానికి అదే మట్టి ప్రతికూలం. ఈ బంకమట్టి గడ్డను కదపకుండా చుట్టూ తేలికైన కొబ్బరి పొట్టు నింపితే కుండీలో రెండు భిన్నమైన తేమ స్థితులు ఏర్పడతాయి.

చుట్టూ ఉన్న పొట్టు తడిగా ఉన్నంతకాలం బంకమట్టి గడ్డ నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది, మధ్యలోని వేళ్లకు గాలి అందదు. ఒకసారి పూర్తిగా ఎండితే గడ్డ కుంచించుకుపోయి చుట్టూ సందు ఏర్పడుతుంది. అప్పుడు పోసిన నీరు ఆ సందులోంచి నేరుగా రంధ్రానికి చేరుతుంది. పైన చూస్తే నీరు బాగా దిగినట్లే కనిపిస్తుంది. మధ్య గడ్డ మాత్రం పొడిగానే ఉంటుంది. వేలితో పైమట్టిని తాకి చూస్తే ఈ రెండు స్థితుల్లో ఏదీ బయటపడదు. వెదురు పుల్లను గడ్డ మధ్యలోకి దింపి పది నిమిషాల తర్వాత తీసి చూస్తే అసలు తేమ తెలుస్తుంది.

దీనికి పరిష్కారం కుండీ మార్చే రోజునే చేయాలి. గడ్డను ఒక గంటసేపు నీటిలో నానబెట్టి, వేళ్లతో మెల్లగా వదులు చేసి, బయటి భాగంలో సుమారు మూడో వంతు మట్టిని తీసివేయాలి. గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను విడదీయాలి. తీసిన మట్టి ఆరోగ్యంగా ఉంటే కొంత భాగాన్ని కొత్త మిశ్రమంలో కలపడం వల్ల రెండింటి మధ్య తేడా తగ్గుతుంది. వేరుకుళ్లు గానీ, వేరు పురుగులు గానీ ఉన్నప్పుడు మాత్రమే వేళ్లను పూర్తిగా కడగాలి. ఆరోగ్యంగా ఉన్న మొక్క వేళ్లను అనవసరంగా కడిగితే కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

మిశ్రమం తయారీ, గాలి ఖాళీల కొలత

కుండీ మిశ్రమాల్లో నీరు కారిన తర్వాత మిగిలే గాలి ఖాళీలు మొత్తం పరిమాణంలో 10 నుండి 30 శాతం ఉండటం వాంఛనీయం. దీనిని కొలవడానికి ప్రయోగశాల అవసరం లేదు. 2 లీటర్ల కుండీ రంధ్రాలను మూసి, మిశ్రమాన్ని మామూలుగా నింపి, పైన నీరు మెరిసే వరకు మెల్లగా పోయాలి. ఒక గంట తర్వాత రంధ్రాలను తెరిచి, కారిన నీటిని మొత్తం పట్టి కొలవాలి. 300 మి.లీ. నీరు కారితే గాలి ఖాళీలు 15 శాతం. 100 మి.లీ. మాత్రమే కారితే 5 శాతం. ఆ మిశ్రమం ఇంటి లోపలికి పనికిరాదు. ఆకుమొక్కలకు 15–20 శాతం, స్నేక్ ప్లాంట్, జీజీ మొక్క వంటి నీటిని నిలువ చేసుకునే మొక్కలకు అంతకంటే ఎక్కువ ఉండేలా చూడాలి.

సాధారణ ఆకుమొక్కలకు పరిమాణం ప్రకారం 4 పాళ్లు కడిగిన కొబ్బరి పొట్టు, 3 పాళ్లు గరుకు పదార్థం, 2 పాళ్లు బాగా మాగిన వర్మికంపోస్టు, 1 పాలు జల్లించిన ఎర్రమట్టి కలిపి, పై పరీక్షతో సరిచూసుకోవచ్చు. గరుకు పదార్థంగా పెర్లైట్ లేదా 2–4 మి.మీ. ఇటుక ముక్కలు వాడవచ్చు. రైస్ మిల్లుల వద్ద దొరికే ఊకను బొగ్గుగా కాల్చి కొంత భాగంగా చేర్చవచ్చు. ఊక పూర్తిగా బూడిద కాకూడదు. బూడిద మిశ్రమం ఉదజని సూచికను పెంచుతుంది, ఖాళీలను పూడుస్తుంది.

కోనసీమ వంటి కొబ్బరి ప్రాంతాల్లో సులభంగా దొరికే పొట్టులో పొటాషియం, సోడియం, క్లోరైడ్ లవణాలు సహజంగా ఎక్కువ. నానబెట్టి, పిండి, నీరు మార్చి రెండు మూడుసార్లు కడిగితే స్వేచ్ఛగా ఉన్న లవణాలు పోతాయి. పొట్టు కణాలకు అంటిపెట్టుకున్న పొటాషియం, సోడియం మాత్రం అలా పోవు. అవి నెమ్మదిగా విడుదలవుతూ, వాటి స్థానంలో కాల్షియం, మెగ్నీషియం బంధించబడతాయి. అందుకే పొట్టు పాలు ఎక్కువగా ఉన్న కుండీల్లో మొదటి వారాల్లో లేత ఆకులు వంకరపోవడం కనిపిస్తుంది. వాణిజ్య స్థాయిలో కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి ఈ లోపాన్ని సరిచేస్తారు.

సగం మాగిన కంపోస్టు, పచ్చి రంపపు పొట్టు, పచ్చి ఊక కుండీలో కుళ్లడం కొనసాగిస్తాయి. ఆ సమయంలో సూక్ష్మజీవులు మిశ్రమంలోని నత్రజనిని వాడుకోవడం వల్ల కింది ఆకులు పసుపుబారతాయి. బియ్యం కడిగిన నీరు, టీ పిప్పి, అరటి తొక్కలను నేరుగా కుండీలో వేసే అలవాటు కూడా ఇదే పరిస్థితిని తెస్తుంది. అదనంగా, కుళ్లుతున్న ఈ పదార్థాలే మట్టి ఈగలకు ఆహారం.

నీటి నాణ్యత, లవణాలు

మట్టి మీద, కుండీ అంచుల మీద తెల్లని పొర, ఆకు చివరలు గోధుమరంగులో ఎండటం లవణాలు పేరుకున్నాయనడానికి గుర్తులు. బోరు నీటిలోని కార్బొనేట్లు క్రమంగా మిశ్రమం ఉదజని సూచికను పెంచుతాయి. అప్పుడు ఇనుము అందక లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారుతుంది. నత్రజని లోపంలో గానీ, నీరు నిలిచినప్పుడు గానీ పసుపు సాధారణంగా ముదురు ఆకులతో మొదలవుతుంది. ఈ ఒక్క తేడాను గుర్తిస్తే సలహా సగం సరైన దారిలో పడుతుంది.

డ్రసీనా, కార్డిలైన్, స్పైడర్ ప్లాంట్ మొక్కలు ఫ్లోరైడ్‌ను తట్టుకోలేవు. ఫ్లోరైడ్ సమస్యకు పేరుపడిన నల్లగొండ వంటి ప్రాంతాల్లో బోరు నీటితో వీటిని పెంచితే ఆకుల చివరలు, అంచులు మాడిపోతాయి. సూపర్‌ఫాస్ఫేట్‌లో కూడా కొంత ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఈ మొక్కల మిశ్రమంలో దానిని వాడరాదు. వాన నీరు వీటికి శ్రేష్ఠం. నీటి శుద్ధి యంత్రం నుండి వృథాగా బయటకు వచ్చే నీటిలో లవణాలు మరింత గాఢమై ఉంటాయి. పొదుపు పేరుతో దానిని కుండీలకు పోయరాదు. ఉప్పుతో పనిచేసే సాఫ్టెనర్ నీటిలో సోడియం ఎక్కువగా ఉంటుంది కనుక అది కూడా తగదు. పేరుకున్న లవణాలను తొలగించడానికి రెండు మూడు నెలలకొకసారి కుండీ పరిమాణానికి రెట్టింపు మంచినీటిని మెల్లగా పోసి పూర్తిగా కారనివ్వాలి. కింది పళ్లెంలో నిలిచిన నీటిని వెంటనే పారబోయాలి.

వాడిపోవడం – వేరు చెప్పే కారణం

కుండీ మార్చిన మొదటి వారంలో వాడి, సాయంత్రానికి తేరుకునే మొక్కకు వేరు దెబ్బ తప్ప మరే సమస్యా లేదు. నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచితే ఒకటి రెండు వారాల్లో కోలుకుంటుంది. మట్టి పొడిగా ఉండి వాడితే నీరు కావాలి. మట్టి తడిగా ఉండి వాడితే మాత్రం మొక్కను కుండీ నుండి తీసి వేళ్లను చూడాలి.

ఆరోగ్యమైన వేరు గట్టిగా, తెల్లగా లేదా లేత గోధుమ రంగులో ఉంటుంది. పిథియం వంటి శిలీంధ్రాల వల్ల కుళ్లిన వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే పైపొర జారిపోయి, లోపల దారం వంటి భాగం మాత్రమే మిగులుతుంది. కుళ్లిన భాగాన్ని శుభ్రమైన కత్తెరతో కోసివేసి, మిగిలిన వేళ్లకు సరిపోయే చిన్న కుండీలో కొత్త మిశ్రమంతో నాటాలి. వేళ్లు తగ్గినంత మేరకు కొన్ని ముదురు ఆకులను కూడా తొలగించాలి. కొత్త చిగురు వచ్చే వరకు, కనీసం 4–6 వారాలపాటు, రసాయన ఎరువులు వేయరాదు. వేరు లేని మొక్కకు ఎరువు అదనపు లవణ భారమే అవుతుంది.

ముందు జాగ్రత్తగా ట్రైకోడెర్మాను మిశ్రమంలో కలపవచ్చు. 9 కిలోల మాగిన పశువుల ఎరువు, 1 కిలో వేపపిండికి 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తేమ ఆరకుండా గోనెపట్టా కప్పి 7–10 రోజులు ఉంచితే శిలీంధ్రం వృద్ధి చెందుతుంది. ఈ పని ఆరుబయట చేయాలి. ఇలా తయారైన ఎరువును కుండీ మిశ్రమంలో పదో వంతుకు మించకుండా, వర్మికంపోస్టు పాలులో భాగంగా చేర్చాలి. గాలి ఆడని మట్టిలో ట్రైకోడెర్మా కూడా సరిగా పనిచేయదని గుర్తుంచుకోవాలి.

తెల్లగా కనిపించేవన్నీ పిండినల్లి కావు

కుండీలో తెల్లగా కనిపించే వాటిలో కనీసం నాలుగు రకాలున్నాయి. గట్టిగా, గరుకుగా ఉండి నీటిలో కరిగేది లేదా గోకితే పొడిగా రాలేది లవణం. తేలికగా ఉండి నలిపితే కరకరలాడేది పెర్లైట్. సాలెగూడులా మట్టి పైభాగాన పరుచుకున్నది కుళ్లిన పదార్థంపై బతికే బూజు. ఇది వేళ్లకు హాని చేయదు, పైమట్టిని గీరి ఆరనిస్తే పోతుంది. వేళ్ల మీద, కుండీ లోపలి గోడ మీద మైనపు పొడిలా అంటుకుని, పుల్లతో నలిపితే జిగటగా చితికేది వేరు పిండినల్లి. చికిత్స అవసరమైనది ఈ నాలుగోది మాత్రమే.

మరికొన్ని పొరపాట్లు కూడా సాధారణం. నర్సరీ మట్టిలో కనిపించే పసుపు లేదా గోధుమ రంగు గుండ్రని పూసలు చాలాసార్లు నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు. వాటిని పురుగు గుడ్లుగా భావిస్తారు. నీరు పోసినప్పుడు ఎగిరిపడే రెక్కలు లేని చిన్న తెల్లని జీవులు స్ప్రింగ్‌టెయిల్స్. ఇవి కుళ్లిన పదార్థాన్ని తింటాయి, మట్టి ఎక్కువ తడిగా ఉందని మాత్రమే తెలుపుతాయి. వానాకాలంలో కుండీలో మొలిచే పసుపు రంగు పుట్టగొడుగు ల్యూకోకోప్రినస్ మొక్కకు హాని చేయదు. అయితే అది తినదగినది కాదు కాబట్టి పిల్లలున్న ఇంట్లో వెంటనే తీసివేయాలి. స్పైడర్ ప్లాంట్ వేళ్లకు ఉండే తెల్లని దుంపలు సహజమైన నీటి నిలువలు; వాటిని నులిపురుగుల బుడిపెలుగా పొరబడరాదు.

మట్టి ఈగలు

ఫంగస్ నాట్స్ అనే పేరుతో పరిచితమైన ఈ ఈగలు సియారిడే కుటుంబానికి, ప్రధానంగా బ్రాడీసియా ప్రజాతికి చెందినవి. పుట్టగొడుగుల పెంపకందారులకు సియారిడ్ ఈగలుగా ఇవి తెలిసినవే. పెద్ద పురుగు 2–3 మి.మీ. పొడవు, పొడవైన కాళ్లతో నల్లగా ఉండి, ఎక్కువ దూరం ఎగరలేక మట్టి మీద పరుగులు తీస్తుంది. అది కుట్టదు, మొక్కను తినదు. నష్టం చేసేది లార్వా దశ. పారదర్శకమైన తెల్లని శరీరం, మెరిసే నల్లని తల దీని గుర్తులు. ఇది శిలీంధ్రాలను, కుళ్లిన పదార్థాన్ని తింటూ, సంఖ్య పెరిగినప్పుడు లేత వేళ్లను, కోత మొక్కల అడుగు భాగాన్ని కూడా కొరుకుతుంది. వేరుకుళ్లు శిలీంధ్రాల వ్యాప్తికి తోడ్పడుతుంది.

24 డిగ్రీల సెల్సియస్ వద్ద గుడ్డు నుండి పెద్ద పురుగు వరకు సుమారు 17 రోజులు పడుతుంది. లార్వాలు ఎక్కువగా పైభాగాన 5–7 సెం.మీ. మట్టిలోనే ఉంటాయి. ఈ రెండు అంశాలే నివారణకు ఆధారం. పైమట్టి 3–5 సెం.మీ. మేర ఆరిన తర్వాతే నీరు పోస్తే గుడ్లు, చిన్న లార్వాలు బతకలేవు. పసుపు రంగు జిగురు అట్ట ముక్కను మట్టికి దగ్గరగా ఉంచితే పెద్ద పురుగులు చిక్కుతాయి. అట్టపై వారం వారం లెక్క తగ్గుతుంటే చర్య ఫలిస్తున్నట్లే. పచ్చి బంగాళాదుంప ముక్కను కోసిన వైపు మట్టికి ఆనేలా ఉంచి రెండు రోజుల తర్వాత ఎత్తి చూస్తే లార్వాల ఉనికి తెలుస్తుంది. జిగురు అట్టలు మాత్రమే పెట్టి నీరు యథాప్రకారం పోస్తే ప్రయోజనం లేదు. పైన పేర్కొన్న చర్యలను వరుసగా రెండు తరాల కాలం, అంటే కనీసం 5 వారాలు కొనసాగించాలి.

లార్వాలపై బాసిల్లస్ తురింజియెన్సిస్ రకాల్లో ఇజ్రాయెలెన్సిస్ అనే ఉపజాతి మాత్రమే పనిచేస్తుంది. దోమల లార్వాలపై వాడేది ఇదే. గొంగళిపురుగులకు వాడే కుర్స్టాకి ఉపజాతి మట్టి ఈగలపై పనిచేయదు. రెండూ ఒకే పేరుతో వ్యవహరించబడటం వల్ల దుకాణాల్లో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ.

వేరు పిండినల్లి, నులిపురుగులు

మొక్క ఎదుగుదల ఆగి, తగినంత నీరు, వెలుతురు ఉన్నా మందకొడిగా ఉంటే వేరు పిండినల్లిని అనుమానించాలి. ఇవి ఒక కుండీ నుండి కారిన నీటి ద్వారా, ఉమ్మడి పళ్లెం ద్వారా, పాత మట్టిని తిరిగి వాడటం ద్వారా వ్యాపిస్తాయి. పురుగున్న మొక్క వేళ్లను పూర్తిగా కడిగి, ఎక్కువగా పట్టిన వేళ్లను కత్తిరించి, కొత్త మిశ్రమంలో నాటాలి. పాత మట్టిని పెరటిలో పోయకుండా సంచిలో మూటకట్టి పారవేయాలి. కుండీని సబ్బు, వేడినీటితో రుద్ది కడగాలి. నెల తర్వాత మరోసారి వేళ్లను పరిశీలించాలి.

తోటమట్టి లేదా పొలం మట్టి కలిపిన మిశ్రమాల్లో మెలాయిడోగైన్ జాతి నులిపురుగులు రావచ్చు. వేళ్లలో భాగంగా ఏర్పడే, గోకినా ఊడిరాని బుడిపెలు వీటి గుర్తు. బుడిపెలు ఎక్కువగా ఉన్న మొక్కను కాపాడే ప్రయత్నం కంటే ఆరోగ్యమైన కొమ్మ నుండి కొత్త మొక్కను తీసుకోవడం మేలు. మట్టిని ముందుగానే సూర్యరశ్మితో శుద్ధి చేయడం సులభమైన మార్గం. ఏప్రిల్–మే నెలల్లో తడిపిన మిశ్రమాన్ని పారదర్శక పాలిథీన్ సంచుల్లో పలుచగా నింపి, పైన మరో పారదర్శక పట్టా కప్పి ఎండలో ఉంచాలి. మధ్య భాగం 70 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట గానీ, 60 డిగ్రీల వద్ద ఒక గంట గానీ నిలిస్తే శుద్ధి పూర్తయినట్లు. ఉష్ణమాపకంతో చూసుకోకుండా రోజులు మాత్రమే లెక్కపెడితే ఫలితం నమ్మదగినది కాదు. శుద్ధి తర్వాతే ట్రైకోడెర్మా ఎరువు కలపాలి.

ఆకులపై పురుగులు

కొమ్మ కణుపుల్లో పిండినల్లి, ఈనెల వెంట పొలుసు పురుగు, ఆకు అడుగున ఎర్రనల్లి సాధారణంగా కనిపిస్తాయి. కుండీ మార్పిడి ఒత్తిడిలో ఉన్న మొక్కపై ఇవి త్వరగా పెరుగుతాయి. పిండినల్లిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, వారం వారం మూడుసార్లు పునరావృతం చేయాలి. కుండీపై చీమల బారు ఉంటే రసం పీల్చే పురుగులు ఎక్కడో దాగి ఉన్నట్లే.

ఎర్రనల్లి పొడి గాలిలో, ముఖ్యంగా ఎయిర్ కండిషనర్ ఉన్న గదుల్లో, వేసవిలో విజృంభిస్తుంది. తెల్లకాగితంపై ఆకును తడితే కదిలే చుక్కలు కనిపిస్తాయి. ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో నాలుగైదు రోజులకొకసారి కడగడం మొదటి చర్య. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు నల్లిపై పనిచేయవు. పైగా నల్లి ఉధృతి పెరిగిన సందర్భాలు ఉన్నాయి. నల్లి కీటకం కాదు, ఎనిమిది కాళ్ల జీవి అన్న ప్రాథమిక విషయం ఇక్కడ ఆచరణలో అక్కరకు వస్తుంది.

అవసరమైతే 1500 పి.పి.ఎం. అజాడిరక్టిన్‌ను లీటరు నీటికి 5 మి.లీ. చొప్పున, మొక్కను బాల్కనీలోకి తెచ్చి సాయంత్రం వేళ పిచికారి చేయవచ్చు. ముందుగా ఒక ఆకుపై వాడి రెండు రోజులు చూడాలి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన వేపసబ్బును లేబుల్‌పై సూచించిన మోతాదులో వాడవచ్చు. బట్టల డిటర్జెంట్ దానికి ప్రత్యామ్నాయం కాదు. అది ఆకులపైని మైనపు పొరను దెబ్బతీస్తుంది.

పురుగుమందుల విషయంలో జాగ్రత్తలు

1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం ప్రతి మందూ నమోదైన పంటకు, నమోదైన పురుగుకు మాత్రమే లేబుల్‌పై సిఫారసు చేయబడుతుంది. పొలంలో వాడటానికి నమోదైన మందును ఇంటి లోపల వాడటం ఆ సిఫారసు పరిధిలోకి రాదు. కుండీల్లో అలవాటుగా వేసే ఫోరేట్ గుళికలు, ఇళ్లలో చల్లే డైక్లోర్వాస్ రెండింటి వాడకం కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీ చేసిన ఉత్తర్వు మేరకు 2020 డిసెంబరు 31 నుండి నిషేధించబడింది. పాత నిల్వలు ఇంట్లో ఉంటే వాడకుండా, నీటిలో పారబోయకుండా, వ్యవసాయ అధికారిని సంప్రదించాలి. పొలంలో విషం గాలికి పలుచబడుతుంది. మూసిన గదిలో అదే మోతాదు గంటల తరబడి నిలిచి ఉంటుంది. కుండీ మట్టిని చేతితో కదిపే పిల్లలు ఉన్న ఇంట్లో గుళికల మందుకు చోటు లేదు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

ఫోనులో లేదా ఫొటో ద్వారా వచ్చే ప్రశ్నకు మందు పేరు చెప్పే ముందు ఆరు విషయాలు అడగాలి: కుండీ ఎప్పుడు మార్చారు, అడుగున రంధ్రం ఉందా, పాత గడ్డ చుట్టూ ఏ మిశ్రమం నింపారు, కిటికీకి ఎంత దూరంలో ఉంది, ఏ నీరు, ఎన్ని రోజులకొకసారి పోస్తున్నారు, పసుపు లేత ఆకుల్లోనా, ముదురు ఆకుల్లోనా. ఆకు ఫొటో కంటే కుండీ నుండి తీసిన వేరు గడ్డ ఫొటో నిర్ధారణకు ఎక్కువగా తోడ్పడుతుంది. కొత్తగా తెచ్చిన మొక్కను 3–4 వారాలు విడిగా ఉంచమని చెప్పాలి. ఆ కాలంలో మట్టి ఈగల ఒక తరం పూర్తవుతుంది, దాగి ఉన్న పిండినల్లి బయటపడుతుంది.

విద్యార్థులకు ఒక చిన్న ప్రయోగం ఉపయోగకరం. ఒకే పరిమాణం గల నాలుగు కుండీల్లో వరుసగా ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, పైన సూచించిన మిశ్రమం, అడుగున గులకరాళ్లు పోసి ఆపైన అదే మిశ్రమం నింపి, కారిన నీటిని కొలవాలి. కారడం ఆగిన తర్వాత మూడవ, నాల్గవ కుండీల్లో రాళ్లకు పైనున్న మిశ్రమం తేమను పోల్చి చూస్తే రాళ్ల పొర విషయంలో నెలకొన్న అపోహ తొలగిపోతుంది.

ముగింపు

కుండీ మార్చిన మొక్కకు వచ్చే సమస్యల్లో మట్టిని, పురుగును వేరువేరుగా చూడటం సరికాదు. తడి ఆరని మట్టి వేరును కుళ్లబెడుతుంది, కుళ్లిన వేరు ఈగలను పెంచుతుంది, కనిపించిన ఈగ యజమానిని మందు వైపు నడిపిస్తుంది. ఈ వరుసను మొదటి మెట్టు వద్దే ఆపాలి. తగిన కుండీ, గాలి ఆడే మిశ్రమం, వెలుతురుకు తగిన నీరు అనే మూడింటినీ సరిచేసిన తర్వాత కూడా మిగిలే పురుగులు కొద్దివే. వాటిని చేతితో, నీటితో, సబ్బుతో, జీవ నియంత్రణ పద్ధతులతో అదుపు చేయవచ్చు. కాబట్టి ఇంటి మొక్కకు సలహా ఇచ్చేవారు ముందుగా వేరును పరిశీలించి, ఆ తర్వాతే ఆకును, పురుగును చూడాలి.